కోటుకి వయసు తెచ్చిన అక్క

మా అక్కది లాండ్రీ షాపు. వీధి చివర, మెట్లు దిగి వెళ్లే గది. లోపల ఇస్త్రీ బల్ల, రెండు మిషన్లు, గోడ పొడవునా హ్యాంగర్లు. చేతికిచ్చిన బట్టను ఇంతవరకూ పాడుచేయలేదని ఆవిడ గొప్ప. అడిగినవాళ్లకీ చెబుతుంది, అడగనివాళ్లకీ చెబుతుంది. నేను అక్కడే పనిచేస్తాను కాబట్టి నాకు రోజూ చెబుతుంది. తప్పు ఒప్పుకోవడం మాత్రం ఆవిడ ఒంట్లో లేదు. ఇస్త్రీ పెట్టె నా చేతికి తగిలి కాలినా, చెయ్యి అక్కడెందుకు పెట్టావని నన్నే అడుగుతుంది.

బావ లారీ డ్రైవరు. కొండదారుల్లో తిరుగుతాడు. ఆయనకో గొర్రెతోలు కోటు ఉండేది, బయట తోలు, లోపల బొచ్చు. పెళ్లికి ముందునుంచీ ఉంది. డీజిలు, చెమట, ఎప్పుడో ఒలికిన టీ, అన్నీ కలిసిన వాసన. ఎండాకాలం వస్తే దాన్ని తలుపు వెనక తగిలించి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి లోడుకి వెళ్లిపోతాడు.

ఈసారి ఆయన అటు వెళ్లగానే అక్క ఇటు ముట్టుకుంది. షాపుకి ఎవరైనా తోలు బట్ట తెస్తే తీసుకోనని తిప్పి పంపే మనిషి, ఇంటి కోటు అనేసరికి ఆ జాగ్రత్త ఎటు పోయిందో, వాసన భరించలేక వేడినీళ్ల మిషన్లో పడేసింది. బయటికి తీస్తే అది అట్టలా బిగుసుకుపోయి, నేల మీద దానంతటదే నిలబడింది. బావలో సగం మనిషికి సరిపోతుందేమో. నాకు నవ్వొచ్చింది గానీ అక్క మొహం చూసి మింగేశాను.

"మిషను పాడైనట్టుంది," అంది అక్క.

"మిషను బాగానే ఉందక్కా."

"నిన్నెవరడిగారు?"

బావ తిడతాడని కాదు ఆవిడ భయం. ఆయన తిట్టే రకం కాదు. ఒక్క బట్టా పాడుచేయలేదని ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా పక్కన కూర్చుని చిన్నగా నవ్వుతాడు, అంతే. ఆ నవ్వంటే అక్కకి ఒళ్లు మంట. ఈ సంగతి తెలిస్తే జన్మంతా ఆ నవ్వు చూస్తూ బతకాలి. అందుకని బజారంతా గాలించి, అదే రంగు, అదే కుట్టు ఉన్న కొత్త కోటు తెచ్చింది. బావ వచ్చేలోపు దాన్ని పాతది చేసెయ్యాలని ఆవిడ పట్టుదల.

కొత్త కోటు మహా మొండిది. తొడుక్కుంటే చేతులు కిందికి దిగవు. మండుటెండ వేళ దాన్ని నా ఒంటికి తగిలించి, కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పెద్ద పళ్లెం ఇచ్చింది.

"తిప్పు."

"ఏంటి తిప్పేది?"

"స్టీరింగు. మోచేతుల దగ్గర ముడతలు పడాలి. బావ ఎలా తిప్పుతాడో అలా తిప్పు."

మోచేతుల మీద ఆవిడ తడిగుడ్డ అద్దడం, నేను పళ్లెం తిప్పడం, కోటు నా ఒంటి మీదే ఆరడం.

"చెమట కారిపోతోందక్కా."

"కారనీ. కోటుకి అదీ కావాలి."

బిగుసుకుపోయిన పాత కోటును ఎదురుగా పెట్టుకుని, చూసి చూసి అచ్చుగుద్దినట్టు దించింది. లారీ కిటికీ మీద ఆనించే చెయ్యి వెలిసిపోయి ఉందని కొత్తదాని ఆ చేతినే ఎండలో పెట్టింది. సీటుకి రాసుకుని వీపు నున్నబడిందని నన్ను గోడకి వీపు రుద్దుకోమంది. గేదెలు చేసే పని. అంచులు గరుకు కాగితంతో తనే రుద్దింది. జేబులు సాగాలని రెంచీలు వేసి వేలాడదీసింది.

అక్క అత్తగారు ఇదంతా నిమ్మకు నీరెత్తినట్టు చూస్తూ కూర్చున్నారు. మెడ దగ్గర బొచ్చు అణగాలంటే ఎవరైనా వేసుకుని పడుకోవాలని అక్క అనగానే, ఆవిడ చెయ్యి చాపారు. ఒకసారి తొడుక్కున్నాక మళ్లీ ఇవ్వలేదు.

"ఇక తియ్యండత్తయ్యా. మెడ అణిగింది."

"ఇంకా అణగాలమ్మా. వాడి మెడ నాకు తెలీదా," అని కళ్లు మూసుకున్నారు.

అత్తగారిని అక్క బతిమాలడం చూడటం నాకదే మొదలు. చివరికి కోటు చేతికొచ్చాక మెకానిక్ షెడ్డులో వేలాడదీసి డీజిలు వాసన పట్టించాను. అక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని "ఛీ" అంది, ఎంతో తృప్తిగా. పాతదాన్ని చెత్తబండి ఎక్కించాం.

బావ వచ్చాడు. ఏమీ కనిపెట్టలేదు. చలి మొదలవగానే కోటు తొడుక్కుని, టీకి వచ్చిన క్లీనరు ముందు కూర్చుని మోచెయ్యి చాపాడు.

"ఈ ముడతలు చూడు. ఇవి ఏళ్ల తరబడి రోడ్డు మీద తిరిగితే పడతాయి. మనిషి చేత్తో వచ్చేవి కావు. ఇప్పుడెవడు చెయ్యగలడు ఇలాంటిది?"

టీ పోస్తున్న అక్క చెయ్యి ఆగింది. ఆవిడ పెదవి కొరుక్కుంటుంటే నేను కళ్లతోనే వద్దన్నాను. బావ కాలరు కూడా చూపించాడు. ఇక ఆవిడ వల్ల కాలేదు.

"నేను చేశాను," అంది. "పాతది ఉతికి పాడుచేశాను. ఇది కొత్తది. ఆ ముడతలన్నీ నావే."

బావ పగలబడి నవ్వాడు.

"విన్నావా వేళాకోళం," అన్నాడు క్లీనరుతో. "ఈవిడ చేతిలో బట్ట పాడవడమా? నేను ఏ ఊళ్లో లారీ ఆపినా చెప్పుకునేది ఇదే కదా."

అక్క టీ గిన్నె అక్కడే పెట్టేసింది. గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనకే వెళ్లాను. తడి లేని గ్లాసును తుడుస్తోంది.

"నాతో ఒక్కసారి కూడా అనలేదురా ఈ మాట," అంది. కళ్లనిండా నీళ్లు. ఇన్నేళ్లూ ఆ నవ్వు ఎగతాళి అనుకుంది పిచ్చిది. నేనూ అలాగే అనుకున్నాను.

"ఊరుకో అక్కా. నమ్మలేదుగా, గండం గడిచింది."

"అలాంటి మనిషి దగ్గర దాచనా?" అని నన్ను పక్కకి నెట్టి బయటికి వచ్చింది. క్లీనరు వెళ్లేదాకా ఆగి, బావ ఎదురుగా కూర్చుని, వేడినీళ్ల దగ్గర్నుంచి చెత్తబండి దాకా చెప్పింది. తప్పు మిషను మీదకి తొయ్యలేదు, నా మీదకీ తొయ్యలేదు.

బావ మొహం చిన్నబోయింది. పాత కోటంటే ఆయనకి ప్రాణం. తర్వాత కోటు విప్పి, అటూ ఇటూ తిప్పి, మోచేతి మీద వేళ్లతో రాసి చూశాడు.

"మరి ఇంత బాగా ఎలా వచ్చింది?" అన్నాడు.

అక్క కళ్లు తుడుచుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, మొత్తం పని ఎలా చేసిందీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. అందులో నేను ఎక్కడా లేను.