గీత పడని విమానం

గడియారాలు బాగుచేసే ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. నుదుటి మీది భూతద్దం అన్నం తినేటప్పుడు కూడా తీయడు. యుద్ధకాలంలో పదకొండంటే పదకొండే తయారైన ఓ పొట్టి విమానాన్ని తను ఆడే వీడియో గేమ్‌లో పెట్టమని, ఉత్తరం మీద ఉత్తరం రాసి ఆరేళ్లు కంపెనీవాళ్ల ప్రాణం తోడేశాడు. చివరికి నిన్న పెట్టారు. ఇవాళ సాయంత్రం ఆట మొదలైనా విమానం రన్‌వే మీదే ఉంది. బాబాయ్ గడియారాల దుమ్ము దులిపే కుంచెతో తెర మీద దాని రెక్కలు తుడుస్తున్నాడు. "లేపు బాబాయ్, మనవాళ్లంతా కూలిపోయారు!" అని హెడ్‌ఫోన్‌లో జట్టువాళ్లు గగ్గోలు పెట్టారు. "కొత్త బండిరా! దుమ్ములో తిప్పమంటారేంట్రా?" అని కసిరాడు. అంతలో శత్రువుల బాంబర్లు రన్‌వే మీదికి వచ్చేశాయి. బాబాయ్ ఒక్క ఉదుటున లేచి కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. "గెలిచారా?" అని వంటింట్లోంచి భార్య అడిగింది. ఆరిపోయిన తెర మీద కుంచె ఇంకోసారి ఆడించి, "చిన్న గీత కూడా పడలేదే!" అన్నాడు.