గాంధారి వార్చిన గంజి

మా అక్క అన్నం వార్చి, ఆ గంజిని గిన్నెల్లోకి పోసి గట్టు మీద వరసగా చల్లారబెట్టింది. వేలు ముంచి చూసుకున్నాకే పెరట్లో పారబోస్తుందట. పులివెందులలో ఆ ఆదివారం నేను చూసిన కొత్త ఆచారం ఇది.

కారణం అడిగితే, తన ఆడబిడ్డ ఫోనులో ఒక స్వామి మాటలు వినిపించిందంది. గాంధారి పోయిన జన్మలో వేడి గంజి నేల మీద పోసిందట. అక్కడ నూరు పురుగుల గుడ్లు మాడిపోయాయట. అందుకే ఆమెకు నూరుగురు కొడుకులు పోయారట. అక్కకు ఉన్నది ఒక్కడే. ఇంటర్ చదువుతుండగా పోయినేడు డెంగీతో చనిపోయాడు. ఆ వీడియో చూసినప్పటినుంచి, తాను ఏ ఇంట్లో, ఏ మూలన ఎంత గంజి పారబోసిందో గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంటోంది.

నాకు కొంచెం కోపం వచ్చింది. కాఫీ అక్కడే పెట్టి లేచేంత.

ఆడబిడ్డ జమ్మలమడుగు నుంచి వచ్చి ముందుగదిలోనే ఉంది. నాకు వరసకు వదిన. రాణిగారింట్లో గంజి వార్చడానికి వంటమనుషులు లేరా అని అడిగాను. పోయిన జన్మలో రాణి కాదులే అని సర్దింది.

“ప్రొద్దుటూరు కాలేజీలో పాఠాలు జెప్పుకునేటోనివి, నీకేం తెలుసప్పా? స్వామి ఊరికే జెప్తాడా?”

నాకు తెలిసింది తక్కువే. మా నాయన చెప్పిన కథలో గంజి లేదు. దాయాదులకు సెంటు భూమి కూడా ఇవ్వనన్న కొడుకున్నాడు. వాణ్ణి గట్టిగా ఒక మాట అనని తండ్రి ఉన్నాడు. గదలు పట్టుకుని యుద్ధానికి పోయి, యుద్ధంలోనే చచ్చిన మీసాలొచ్చిన మగవాళ్లున్నారు. మా జిల్లాలో ఈ కథను ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు వాళ్లందరినీ వదిలేసి, తప్పంతా వంటింట్లోకి నెట్టారు. కథలో అందరికంటే ఎక్కువ ఏడ్చిన మనిషినే పట్టుకున్నారు.

ఇదంతా గట్టిగానే అన్నాను. అక్క వంటింటి గడప దగ్గర నిలబడి వింది.

“ఏ పుస్తకంలోనూ లేదా అబ్బీ?”

లేదంటే అయిపోయేది. కానీ అన్నీ చదివినవాణ్ణి కాను.

“యాడన్నా ఉంటే ఉండనీలే అక్కా. ఉన్నా నేను ఒప్పుకోను.”

ఎవరి కర్మ ఎవరికి తెలుసని వదిన మళ్లీ మొదలుపెట్టింది. అక్క ఆమె వైపు తిరిగింది.

“పిల్లోడు డెంగీ జొరంతో పోయినాడు వదినా. నేను సంపలేదు.”

వాడు పోయాక ఆ జ్వరం పేరు అక్క నోట వినడం నాకదే మొదటిసారి. వదిన ఫోను సంచిలో పెట్టుకుంది. జమ్మలమడుగు బస్సుకు వేళవుతుందని అక్క ఆమెకు ముందే అన్నం వడ్డించింది.

బస్సుకు ఇంకా చాలా పొద్దుంది.