వద్దన్న కాఫీ

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన వారమే, కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు మా అబ్బాయికి పిల్లను చూడబోయాం. హడావుడిలో మరిచిన మాత్రను వాళ్ల వీధిలోకి వచ్చాక వేసుకున్నాను. ఆ తర్వాత గంటదాకా కాఫీ తాగకూడదు.

పిల్ల కాఫీ తెస్తే వద్దన్నాను. మావాళ్లలో పిల్లవాడి తల్లి కాఫీ వద్దంటే సంబంధం వద్దన్నట్టే. పిల్ల కళ్లలో నీళ్లు.

"ఏం తాయీ, మా అమ్మి మనసుకు రాలేదా?" అంది వాళ్ల అవ్వ.

"డాక్టరు వద్దనింది కాపీని అవ్వా, పిల్లను కాదు! మాత్ర వేసుకుంటిని. గంట పోనీ, రెండు గ్లాసులు తాగుతా!" అని గట్టిగానే చెప్పాను.

పిల్ల కళ్లు తుడుచుకుని, గడియారం చూసి, గ్లాసు లోపలికి తీసుకుపోయింది. గంటకు వేడిగా తెచ్చింది.

ఇప్పుడామె మా కోడలు. నేను ఎవరితోనైనా వాదించి గెలుస్తాను గానీ, పొద్దున గంట కాకముందే ఆమె చేత కాఫీ ఇప్పించుకోవడం ఇంతవరకు నావల్ల కాలేదు.