దొడ్డిలో పరిచిన అద్దం

మీసం మొలిచిన నాటి నుంచి ఏబేలు మార్కాపురం గనుల్లో పలకరాయి చీల్చినవాడు. ఒకప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో ఈ రాతి మీదే అఆలు దిద్దారు. వాళ్లు పెద్దవాళ్లై పలకను మరిచారు, గనులు నీటిగుంటలయ్యాయి, ఏబేలు గొర్రెలు పట్టాడు. పని పోయినా రాయి పోలేదు. వానలకు ముందే ఆ పల్లెలో జీవాలున్నవాళ్లంతా గని గట్టు మీది పలక తుక్కు మోసుకొచ్చి దొడ్డిలో పరుస్తారు. బురద కిందే ఉండిపోతుంది, గిట్టలు ఆరుతాయి. పోనుపోను తుక్కు పొడై మట్టిలో కలిసిపోతుంది.

ఆ ఏడు కంభం రోడ్డులో అద్దాల కాంప్లెక్సును కూల్చారు. కట్టి ఎన్నాళ్లో కాలేదు. పెళ్లిబట్టలకు వెళ్లినవాళ్లు దాని గోడల్లో మొహాలు చూసుకుని జుట్టు సర్దుకునేవాళ్లు. ఇనుము, అల్యూమినియం పాతసామాన్లవాళ్లు ఎత్తుకుపోయారు. అద్దం ఎవరికీ పట్టలేదు. కరిగిస్తే గాజు మళ్లీ గాజే అవుతుందని పుస్తకాల్లో ఉంటుంది, అబద్ధం కాదు. కానీ ఆ కొలిమి ఎక్కడో దూరాన ఉంది, లారీ కిరాయి మాత్రం ఇక్కడే అడుగుతారు. అందుకని ట్రాక్టర్లు దాన్ని వాగుల్లో పోయసాగాయి.

ఒక ట్రాక్టరును ఏబేలే ఆపాడు. "మా దొడ్డిలో పొయ్యి నాయనా."

భార్య లీదియా నెత్తి కొట్టుకుంది. "గాజయ్యా అది! మతుండే చేస్తాండావా?"

ఏబేలు గుప్పెడు ముక్కలు తీసి నలిపి చూపాడు. కోసే పెంకులు కావవి, పటికబెల్లం పలుకుల్లా రాలిన గట్టి అద్దం. "చూడు, తెగిందా? రాయి లాంటిదే ఇది గూడా. నీ గాజులకంటే మేలు."

"గాజులా? ఎప్పుడు కొనిచ్చినావు నాకు?"

వానలు పడ్డాయి. మొదట పెద్ద గొర్రె కుంటింది. మంద దాని వెనకే నడిచేది. అరచేతిని కోయని ముక్క, ఒంటి బరువంతా పడేసరికి గిట్టల సందు మెత్తటి తోలులో దిగింది. చీము పట్టింది. ఏబేలు తీసేలోగా మరొకటి కుంటింది, ఆపై ఇంకొకటి.

దొడ్డి మార్చడానికి వేరే నేల లేదు. పారతో గీరాడు, జల్లెడ పట్టాడు. ప్రతి వానకూ అడుగు నుంచి కొత్తవి తేలాయి, ఎండపొడకు మెరుస్తూ.

"ఎన్నాళ్లకయ్యా ఇది మట్టిలో కలిసేది?" అంది లీదియా. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది. పలక సంగతైతే చెప్పగలడు. ఏబేలు మళ్లీ జల్లెడ అందుకున్నాడు.

చివరికి కోతకు జీవాలు కొనే అబ్దుల్ వహాబ్ గిద్దలూరు నుంచి ఆటో తెచ్చాడు. "కుంటివాటిని ఏడికని తోల్తావు మామా," అంటూ ఒక్కోదాన్నీ ఎక్కించాడు. పెద్ద గొర్రె వంతు వచ్చేసరికి ఏబేలు దాని కాలు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏంది మామా, ఇంకేం చూస్తావు? రేప్పొద్దున కోసేదే గదా."

"ఉండబ్బా. గిద్దలూరు దాకా నిలబడిపోవాల గదా అది."

గిట్టల సందులోంచి ముక్క తీశాడు. విసరబోయి ఆగాడు. ఎక్కడ వేసినా ఏదో ఒక కాలి కిందికే వస్తుంది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.