నది వైపు చూసే మాస్టారు

జంషెడ్‌పూర్ కాలేజీలో మాకు భౌతిక భూగోళశాస్త్రం చెప్పిన మాస్టారు కుదురుగా నిలబడగా నేను చూడలేదు. రెండు ముక్కలు చెప్పి, కిటికీలోంచి ఖర్కాయ్ నదిని చూసి వచ్చేవారు.

"పాగల్ హై, పిచ్చి మనిషి," అనేవాడు నా పక్కవాడు. నాకూ విసుగ్గానే ఉండేది.

ఒక ముసురు రోజు ఆయన పాఠం ఆపేశారు. "నీళ్లు ఎర్రబడ్డాయి. ఎగువన పెద్ద వాన పడింది. ఒడ్డు బస్తీల వాళ్లు ఇళ్లకు పొండి," అని హిందీలో కేకేశారు.

నవ్వుకుంటూనే ఒడ్డునున్న మా ఇంటికి వెళ్లి నానమ్మను మిట్టకు చేర్చాను. సాయంత్రానికి మా ఇల్లు మునిగింది.

"మీ మేస్టారు సెప్పబట్టి బతికినాంరా," అంది అమ్మ.

కాలేజీ తెరిచాక, పాగల్ అన్నవాడే ఆయన కాళ్లకు మొక్కాడు. మాస్టారి మొహం విప్పారలేదు.

"మన కలాసులో లేనోళ్లకి ఎవులు సెప్పినారు?" అని నన్ను మా అమ్మ యాస తెలుగులోనే అడిగారు.