ఎండుచేపల గంపలు, చర్చి తాళం

సత్యవతమ్మకి కోపం ఎక్కువని గిలకలదిండిలో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. రావాల్సిన చోట అందరికీ కోపం రాదు, ఆమెకి వస్తుంది, అంతే. పడవల దగ్గర చేపా రొయ్యా కొని, కడిగి, ఉప్పు పట్టించి, ఇసుక అంటకుండా పాత వలల మీద ఆరబెట్టి, కాకుల్నీ కుక్కల్నీ తోలుతూ ఎండలో కూర్చునే మనిషి. ఎండిన సరుకు గుడివాడ మార్కెట్లో అమ్ముకుంటుంది. వాసనొస్తుందని బస్సులో గంపలు ఎక్కించనివ్వరు. అందుకే పైకప్పు లేని నా ట్రాలీ ఆటో. నేను ఆమెకి చుట్టాన్ని కాను. అయినా అత్తా అంటాను, ఆమె దుర్గారావూ అని పిలుస్తుంది.

కిందటేడు ఆగస్టులో ఓ శనివారం బయల్దేరాం. వానాకాలంలో చేప ఎండటమే గండం. ముసురు తెరిపిచ్చినప్పుడల్లా ఆరబెట్టుకున్న సరుకంతా ఆ రోజు గంపల్లో ఉంది. తడిస్తే పురుగు పడుతుంది, పారబోయాలి. ఆమె భర్త నరసింహం పడవ మీంచి పడి కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఆ నెల ఇల్లు గడవాలంటే ఆ గంపలే దిక్కు.

కవుతరం దాటాక ఒక ఊరి మొదట్లో గోతిలో పడి ఆటో ఇరుసు విరిగింది. ఆ గొయ్యి అంతకు ముందేడూ అక్కడే ఉంది. ఎందుకు పూడ్చలేదని ఎవరినడిగినా వాన మీదకి తోసేస్తారు. గుడివాడ మెకానిక్కుకి ఫోన్ చేస్తే, సామాను దొరకాలి, రేపే వస్తానన్నాడు. పైన మబ్బు కమ్ముకొస్తోంది. చెయ్యెత్తితే బస్సు ఆగింది. కండక్టరు గంపల్ని చూసి విజిల్ ఊదేశాడు. కార్లవాళ్లయితే అద్దాలు పైకెత్తుకుని మరీ వెళ్లారు.

ఎదురుగా మేడ. పెద్ద వరండా, పైన రేకులు. అక్కడ పది గంపలైనా పడతాయి. ఇంటావిడ గేటు దాకా వచ్చింది. "అయ్యో పాపం, తడిసిపోతావమ్మా. లోపలికొచ్చి కూర్చో, కాఫీ ఇస్తాను. గంపలు మాత్రం గేటు బయటే ఉంచు" అంది.

ఆ మాట అంటుండగానే వాళ్ల వంటింట్లోంచి వంకాయ ఎండురొయ్యల కూర ఘుమఘుమలాడుతోంది. నాకు ఒళ్లు మండింది.

సత్యవతమ్మ ఒంటికాలి మీద లేచింది. "నేను తడిస్తే తుడుచుకుంటానండీ! అవి తడిస్తే నేనేం తినాలి? కూరలో పనికొచ్చింది వరండాలో పనికిరాదా?"

గేటు మూసుకుంది. చినుకులు మొదలయ్యాయి. నేను గంపల మీద పట్టా కప్పుతుంటే గాలికి ఎగిరిపోతోంది. ఆమె రెండు చేతులూ చాపి గంపల మీద బోర్లా పడుకుంది.

పక్కన చిన్న చర్చి ఉంది. ఆ పాస్టరుగారి భార్య సరోజినిగారు గొడుగేసుకుని వచ్చి మమ్మల్నీ గంపల్నీ చూశారు. నేను ఒక గంప ఎత్తబోయాను. "ఆగండాగండి, దించకండి" అని లోపలికి వెళ్లిపోయారు.

"ఇంకేం, ఈవిడా అంతే! దేవుడి పేరు చెప్పుకుని బతికేవాళ్లకి కూడా ముక్కులే ఉన్నాయి, మనసుల్లేవు!" సత్యవతమ్మ నోటికొచ్చినట్టల్లా తిట్టింది. చర్చి గోడలకి కూడా వినపడి ఉంటుంది.

సరోజినిగారు తాళంచెవితో తిరిగొచ్చి తలుపు తీశారు. లోపల బల్లలు వరసగా జరిపి ఉన్నాయి. "నేల చెమ్మండీ. బల్లలు వేసేదాకా ఆగమన్నాను. ఇప్పుడు తెండి" అని తనే ఒక గంపకి చెయ్యేశారు.

గంప రెండోవైపు పట్టుకుంటూ సత్యవతమ్మ తల దించుకుంది. నాకు తెలిసి అది మొదటిసారి.

రాత్రంతా కుండపోత. మాకు అన్నం పెట్టి పక్కగదిలో పడుకోమన్నారు. తెల్లారితే ఆదివారం ప్రార్థన. సంఘపెద్ద దయానందంగారు గుమ్మంలోనే ముక్కు మూసుకున్నారు. "మందిరంలో ఈ వాసనేంటమ్మా?"

"వాసన సాయంత్రానికి పోతుందండీ. సరుకు తడిస్తే మళ్లీ రాదు" అన్నారు సరోజినిగారు. ఆయన గొణుక్కుంటూనే వెళ్లి గంపల పక్కన చాప మీద కూర్చున్నారు. వెనకొచ్చినవాళ్లూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి మెకానిక్కు వచ్చాడు. గంపల్లో ఒక్క చేపా తడవలేదు.

తర్వాత కొన్నాళ్లకి గుడివాడ మార్కెట్లో ఆ మేడావిడ సంచి పట్టుకుని వచ్చింది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. "ఎండురొయ్యలు బాగున్నాయా?" అనడిగింది.

సత్యవతమ్మ పీట జరిపి దుమ్ము దులిపింది. "రండమ్మా, కూర్చోండి. కాఫీ తెప్పిస్తాను. సంచి మాత్రం బయటే ఉంచండి."

ఆవిడ మొహం మాడిపోయింది. ఖాళీ సంచితోనే వెళ్లింది. వచ్చిన బేరం పోగొట్టుకున్నందుకు నేను ఏదో అనబోతే అత్త నా వంక చూసిన చూపుకి వెళ్లి గంపలు సర్దడం మొదలుపెట్టాను.

తిరిగొచ్చేటప్పుడు చర్చి దగ్గర ఆటో ఆపించింది. మంచి రొయ్యలు ఏరి కట్టిన పొట్లం సరోజినిగారి చేతిలో పెట్టింది. ఆవిడ పర్సు తీయబోయారు.

"పర్సు తీశారంటే మళ్లీ తిడతాను, అమ్మగారూ" అంది సత్యవతమ్మ. గొంతు కోపంగానే ఉంది. కళ్లు మాత్రం కొంగుతో తుడుచుకుంది.