గోధుమరంగు గ్లాసు

అలబామాలో మా ఊరి హోటల్లో మూలబల్ల హార్లన్‌ది. రోజూ ఉప్పేసి ఉడికించిన వేరుశెనక్కాయలు, కూజాడు చల్లటి తీపి టీ. నీళ్లు పశువులకనేవాడు. కిడ్నీలో రాయి పడి నేలమీద దొర్లాక, ఉప్పూ టీ మాని నీళ్లు తాగమన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ వడ్డించే పిల్ల చెవిలో గొణుగుతాడు: "తల్లీ, నీళ్లే పొయ్యి. కానీ ఆ గోధుమరంగు గాజు గ్లాసులో, టీలా కనబడేట్టు. ఈ రైతులు చూస్తే పరువు పోతుంది."

నిన్న భార్య వెల్మా వచ్చి ఆ గ్లాసు చూసి మండిపడింది. "మళ్లీ టీయేనా, ముసలోడా? ఈసారి రాయి పడితే నువ్వే దొర్లుకుంటూ ఆసుపత్రికి పో!"

చుట్టూ రైతులు చెవులు రిక్కించారు. నీళ్లని చెబితే తిట్లు ఆగేవి. హార్లన్ మీసం దువ్వాడు. "అవును, టీయే. ఏం చేస్తావ్?"

రైతులు బల్లలు చరిచారు. వెల్మా గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగింది. మొగుడి మొహంలోకి చూసింది.

"అబ్బ, పాకంలా ఉంది!" అని గట్టిగా అరిచి, మళ్లీ నింపమని పిల్లకు సైగ చేసింది.